చర్చిలో మాత్రమే కరిచే గిటారు

ఇతరుల భయాలు పోగొట్టడానికి నేను తిరిగినన్ని ఊళ్ళు సంతసంతకీ తిరిగే బట్టల వ్యాపారి కూడా తిరిగి ఉండడు. నాతవరం దగ్గర ఒక పల్లెలో దెయ్యం ఉందని తాళం వేసిన ఇంట్లో చాప వేసుకుని నిద్రపోయి వచ్చాను. దేవరాపల్లి వైపు చేతబడి అని చెప్పి ఊరంతా దాటడానికి వణికిన నిమ్మకాయలు ఏరుకొచ్చి, అందరి ముందూ నీళ్ళలో పిండి, పంచదార కలుపుకుని తాగాను. గొలుగొండ అవతల ఒక బాబా తల మీద చెయ్యి పెడితే భక్తుల ఒళ్ళు ఝల్లుమనేది. ఆయన పీఠం మీద పరిచిన కాషాయం గుడ్డ ఎత్తి, కింద దాచిన బ్యాటరీనీ దానికి తగిలించిన రాగి తీగ చుట్టనూ జనానికి చూపించాను. ఆ సాయంత్రం నా మీద రాళ్ళు పడ్డాయి. అప్పుడు కూడా నాకు భయం వేయలేదు. కోపం వేసింది.

అలాంటివాణ్ణి ఒక గిటారుకు భయపడ్డాను. ఆ సంగతి ఇన్నాళ్ళూ ఏ సభలోనూ చెప్పలేదు. సిగ్గుపడి కాదు. సభలో చెప్పాలంటే ఒక ముగింపు ఉండాలి, చప్పట్లు పడే చోటు ఉండాలి. దీనికి అలాంటి చోటు లేదు.

ఆ గిటారు మా బావది. బావ అంటే చుట్టరికం ఏమీ లేదు. హైస్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చున్నాం. అనకాపల్లిలో బావా అని పిలుచుకోవడానికి ఆ మాత్రం చాలు. ఆయన బెల్లం మార్కెట్లో ఒక షావుకారు కొట్లో గుమాస్తా. తాతల నాటి నుంచీ క్రైస్తవ కుటుంబం. ఆదివారం చర్చిలో పాటలు ఎత్తుకునేది ఆయనే. నేను కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి, సెలవు రోజుల్లో మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ణి. మా స్నేహం వాదన మీదే బతికింది. ఆయన నా కోసం ప్రార్థన చేసేవాడు, నేను ఆయనకు పుస్తకాలు ఇచ్చేవాణ్ణి. ఆ పుస్తకాలు ఆయన చదివేవాడని అనుకోను. ఆ ప్రార్థనలు ఎక్కడికీ చేరేవని కూడా అనుకోను.

మా అమ్మాయికి గిటారు నేర్పింది ఆయనే. మధ్యలో గుండ్రని చిల్లు ఉండే మామూలు గిటారు. రెండు వేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్ళయింది అప్పటికి. పిల్ల డిగ్రీలో చేరింది. నెట్ సెంటరుకి వెళ్ళి, విదేశాల్లో స్టేజీల మీద వాయించేవాళ్ళ ఫొటోలు రంగుల్లో ప్రింటు తీయించుకుని గోడకు అంటించుకునేది. ఆ ఫొటోల్లో అందరి చేతుల్లోనూ ఉండేవి వేరే రకం గిటార్లు. ఎలక్ట్రిక్ గిటార్లు. అలాంటిది ఈ ఊళ్ళో ఒకటుందని, అది మావయ్య ఇంట్లో బీరువా మీద పాత దుప్పటిలో చుట్టి ఉందని దానికి తెలిసిన రోజు నుంచీ ఇంట్లో వేరే మాట లేదు.

ఆ గిటారును విశాఖపట్నం రేవులో ఒక ఓడవాడి దగ్గర కొన్నాడు బావ, కుర్రతనంలో. అప్పటికే అది పాతది. మామూలు గిటారుకు ఉండే బోలు కడుపు దీనికి లేదు. మొత్తం ఒకే గట్టి చెక్క. ఒళ్ళో పెట్టుకుంటే రుబ్బురోలు పెట్టుకున్నట్టు ఉంటుంది. ఎర్ర రంగు మీద సన్నటి పగుళ్ళు. చెయ్యి ఆనే చోట రంగు అరిగి లోపలి కర్ర బయటపడింది. ఉత్తినే మీటితే దోమ పాడినంత చప్పుడు. దాని నోరు వేరే పెట్టెలో ఉంటుంది. ఆంపు అనేవాడు బావ ఆ పెట్టెని. పాత రేడియోలో లాగా లోపల గాజు వాల్వులు, వేడెక్కితే నిప్పు కణికల్లా వెలిగేవి. గిటారు నుంచి వైరు తెచ్చి దానికి పెట్టి, దాని ప్లగ్గు గోడకు పెడితే అప్పుడు పలుకుతుంది.

పిల్ల అడిగినప్పుడల్లా ఆయన ఒకటే అనేవాడు. "అది మనది కాదు కోడలా."

"మరెవరిది మావయ్యా?"

"దేవుడు లాగేసుకున్నాడు."

ఏటా క్రిస్మస్‌కి ముందు ఆయన చర్చిలో నిలబడి ఆ కథను సాక్ష్యంగా చెప్పేవాడు. నేనూ రెండు మూడు సార్లు వెనక వరసలో కూర్చుని విన్నాను. ఆ గిటారుతో ఆయన పెళ్ళి బ్యాండులో సినిమా పాటలు వాయించేవాడు. ఒక డిసెంబరులో అదే గిటారును చర్చికి తెచ్చాడు. క్రిస్మస్ పాటలు సాధన చేస్తున్నారు. పల్లవి ఎత్తుకోవడానికి మైకు దగ్గరకు వంగాడు. పెదవి మైకుకు తగిలింది. చేతులు తీగల మీద ఉన్నాయి. ఆ తర్వాత ఆయనకు తెలిసింది చర్చి పైకప్పు ఒకటే. ఎవరో ప్లగ్గు పీకేదాకా వేళ్ళు తీగలను వదల్లేదట. ఎడమ చేతి చిటికెన వేలు ఆ రోజు వంగింది, ఇప్పటికీ పూర్తిగా చాపలేడు. లోకపు పాటలు వాయించిన చేతులతో నా సన్నిధికి వస్తావా అని దేవుడు గద్దించాడని ఆయన నమ్మకం. ఆ వేలు పైకెత్తి చూపిస్తే వెనక వరసల్లో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు.

"అది కరెంటు షాకు బావా," అన్నాను ఒకసారి బయటికొచ్చాక.

"కరెంటే. కాదన్నానేటి? కరెంటుని పంపినోడు ఎవుడు అన్నదే కదా మన తగువు."

పిల్ల కాలేజీలో నలుగురు ఆడపిల్లలు కలిసి వార్షికోత్సవానికి పాటలు సిద్ధం చేసుకుంటున్నారు. దాని చేతిలో ఉన్న మామూలు గిటారు డప్పుల ముందు వినపడదు. ఈసారి బతిమాలింది పిల్ల కాదు, నేను వాదించాను. ఆయన ఇంటి వరండాలో కూర్చుని, కొయ్యముక్కకు పాపపుణ్యాలు అంటగట్టడం ఏమి న్యాయమని అడిగాను. ఒక పిల్ల పాటను దుప్పటిలో చుట్టి పెట్టే దేవుడు మీకెందుకని కూడా అన్నాను.

"ఇత్తాను," అన్నాడు చివరికి. "నీకిత్తాను. కోడలికి కాదు. ముందు నువ్వు వాయించాలి. మీ ఇంట్లో, నా కళ్ళముందు. నీకేటీ కాకపోతేనే పిల్ల ముట్టుకోవాలి."

"నాకు వాయించడం రాదు కదా."

"కరిచీ దానికి వాయించడం రావాలేటి?"

ఆ మధ్యాహ్నమే బేరం అయిపోయింది. తీసుకెళ్ళేముందు ఒకసారి మోగించి చూస్తానన్నాను. కిటికీలోంచి వైరు లాగి ఆంపును వరండాలో పెట్టాం. ఎండకు గచ్చు కాలుతోంది. నిలబడే మెడలో పట్టీ వేసుకున్నాను. ఆయన గుమ్మం లోపలే ఉండిపోయాడు. ఆంపు వేడెక్కింది. గుయ్యిమని ఒక రొద మొదలైంది. చెయ్యి తీగల మీదికి దించాను. ఆ చెయ్యి నాది కానట్టు, ఎవరో దాన్ని పట్టుకుని దించుతున్నట్టు అనిపించింది. తీగలు మీటాను. వీధిలో వెళ్తున్న చెరకు బండి ఎడ్లు తల తిప్పి చూసేంత చప్పుడు. నాకేమీ కాలేదు.

"చూశావా బావా?"

ఆయన నవ్వలేదు. "ఇక్కడెందుకు కరుత్తాది? పెళ్ళిళ్ళలో ఎన్ని తూర్లు వాయించేను. బ్యాండు లారీ మీద, జనరేటరు కరెంటుతో, తుంపర్లో కూడా వాయించేను. ఒక్కనాడూ సురుక్కుమనలేదు. గుళ్ళో ఎత్తితేనే. ఆ రోజుకి ముందు కూడా గుళ్ళో ఒకటి రెండు తూర్లు సురుక్కుమంది. ఆపీసి, ప్రార్థన సేసుకుని, మళ్ళీ ఎత్తితే ఊరుకుంది. ఏదీ, నీ సైన్సుకి గుడేదో పెళ్ళిపందిరేదో తెలుస్తాదేటి? సెప్పు."

గుడి అంటే ఆయన లెక్కలో చర్చే.

నా భయం అక్కడ మొదలైంది. దేవుడి కోపం గురించి నాకు భయం లేదు. కానీ ఆయన చెప్పింది కట్టుకథ కాదు. ఆయన అబద్ధం ఆడే మనిషి కాడు. ఒకే గిటారు, ఒకే పెట్టె, ఒకే మనిషి. పెళ్ళిలో ఊరుకుంటుంది, చర్చిలో కరుస్తుంది, ప్రార్థన చేస్తే మానేస్తుంది. ఇది వాస్తవం. దీనికి ఆయన దగ్గర ఒక కారణం ఉంది, తప్పుడు కారణమే కావచ్చు. నా దగ్గర తప్పుడు కారణం కూడా లేదు. హేతువాది అని పేరు పెట్టుకున్నవాడికి ఇంతకంటే చీకటి చోటు ఉండదు. దెయ్యాల ఇంట్లో నిద్రపట్టింది, ఎందుకంటే అక్కడ ఏమీ లేదని నాకు తెలుసు. ఇక్కడ ఏదో ఉంది. ఏమిటో తెలియదు. నా కూతురు దాన్ని చేతుల్లోకి తీసుకోబోతోంది.

ఆటోలో ఇంటికి తెచ్చి బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆదివారం బావ వస్తాడు, అంతవరకూ ఎవరూ ముట్టుకోవద్దన్నాను.

"అంటే మీకూ నమ్మకమేనా?" అంది నా భార్య.

"కాదు."

"మరి తాళం దేనికి?"

తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాను. కాలేజీలో పాఠం చెబుతూ మధ్యలో ఆ జేబు తడుముకునేవాణ్ణి. మా ఫిజిక్సు లెక్చరర్ గది పక్క నుంచే రోజూ వెళ్ళేవాణ్ణి. అడిగితే పోయేది. కానీ ఏమని అడగను? చర్చిలో మాత్రమే గిటారు ఎందుకు కరుస్తుందండీ అనా? బాబాల పీఠాలు తిరగేసినవాడు ఆ మాట అడిగితే వారం తిరక్కుండా ఊరంతా పాకుతుంది. ఇంట్లో సొరుగులో టెస్టరు ఉంది. అది కూడా తీయలేదు. తీస్తే బావ మాటకు విలువ ఇచ్చినట్టు అవుతుందనిపించింది. భయాన్ని అమ్ముకునేవాళ్ళంటే నాకు అసహ్యం. ఆ అసహ్యం నా భయాన్ని పరీక్షించుకోవడానికి కూడా అడ్డు వస్తుందని అప్పుడు తెలియలేదు.

ఆదివారం మధ్యాహ్నం దాకా కరెంటు లేదు. అది వచ్చేసరికి నా భార్య హాలంతా తడిగుడ్డ పెట్టి తుడిచింది, మనిషి వస్తున్నాడని. బావ చర్చి నుంచి నేరుగా వచ్చాడు, తెల్ల చొక్కా, చంకలో బైబిలు. చెప్పులు గుమ్మం బయట నా చెప్పుల పక్కన విడిచాడు. లోపలికి రాగానే పిల్లతో అన్నాడు.

"ఎల్లి కాళ్ళూ చేతులూ కడుక్కుని రా కోడలా. వాయిద్యం ముట్టుకుంటున్నాం. నేను కూడా గుళ్ళో కుళాయి కాడ కాళ్ళు కడుక్కునే ఎత్తీవోణ్ణి." నా వైపు తిరిగాడు. "నువ్వూ కడుక్కో బావా."

"నేను కడుక్కోను," అన్నాను. మొండితనంతో అన్న మాట అది. ఆయన నిట్టూర్చి గోడ దగ్గర నిలబడ్డాడు. పిల్ల పెరట్లోకి పరిగెత్తింది.

ఆంపు ప్లగ్గు గోడకు పెట్టాను. చెక్క కుర్చీలో కూర్చుని, నేల తడిగా ఉందని కాళ్ళు కుర్చీ అడ్డకర్ర మీద పెట్టుకున్నాను. గిటారు ఒళ్ళోకి తీసుకున్నాను. పెట్టె గుయ్యిమంది. వాల్వులు వెలిగాయి. పెరట్లో కుళాయి చప్పుడు వినపడుతోంది.

వేళ్ళ వెనక భాగం తీగలను రాసుకుంది. తీగలు నున్నగా లేవు. నూగు పట్టినట్టు, సన్నగా వణుకుతున్నట్టు ఉన్నాయి. చర్మం కింద చీమలు పాకినట్టు. చెయ్యి తీశాను. మళ్ళీ పెట్టాను. మళ్ళీ చీమలు. నాకు నేనే చెప్పుకున్నాను: ఇది నరాల పని. వారం రోజుల నుంచి భయపడుతున్నావు, భయపడినవాడికి తాడు కూడా కదులుతుంది. ఇలాంటి మాటలు ఊళ్ళో ఎంతమందికి చెప్పి ఉంటాను. ఒళ్ళు ఝల్లుమందని చెప్పిన ప్రతి ఆడమనిషికీ, అది నీ మనసమ్మా అన్నాను. ఇప్పుడు నా ఒళ్ళు నాతో ఏదో చెబుతుంటే దానికీ అదే ఉపన్యాసం ఇచ్చాను. తీగలు గట్టిగా మీటాను. హాలు నిండా మోగింది.

"ఏటైంది?" అన్నాడు బావ.

"ఏమీ కాలేదు."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి.

"ఇంక నా వంతు," అంటూ పిల్ల పెరటి గుమ్మంలోంచి వచ్చింది. నేను తల ఎత్తాను. దాని మొహం కంటే ముందు నాకు నేల కనిపించింది. గచ్చు మీద తడి అడుగులు పడుతున్నాయి. ఒకటి, దాని ముందు ఇంకొకటి, నా వైపు వస్తున్నాయి. గోడ దగ్గర బావ ఉత్త పాదాలు. బయట మా చెప్పులు. దాని వెనక గదిలో గోడకు అంటించిన ఫొటోలు తెరిచిన తలుపులోంచి కనపడుతున్నాయి. అందులో ప్రతివాడికీ కాళ్ళకు పెద్ద పెద్ద బూట్లు. పెళ్ళి బ్యాండువాళ్ళకు కూడా ఎర్ర కోటు కింద బూట్లు ఉంటాయి. వరండాలో ఆ ఎండలో నా కాళ్ళకు చెప్పులు ఉన్నాయి. బావ చెప్పులు బయట విడిచి, కుళాయి దగ్గర కాళ్ళు తడుపుకుని, ఉత్త పాదాలతో గిటారు ఎత్తేది ఒక్క చోటే, చర్చిలో.

ఇప్పుడు రాస్తుంటే ఇంత పొడుగైంది గానీ, అప్పుడు ఇదంతా ఒక్క చూపు.

"ఆగు," అన్నాను.

"భయమేస్తోందా నాన్నా?" అని నవ్వుతూ చెయ్యి చాపింది.

గిటారును దానికి అందకుండా వెనక్కి లాక్కున్నాను. కుర్చీ వెనక్కి ఒరిగింది. పడిపోకుండా ఒక కాలు కింద పెట్టాను. తడి గచ్చుకు పాదం తగిలిన క్షణంలో ఎవరో మోచేతి మీద గట్టి కర్రతో కొట్టినట్టయింది. పళ్ళు పళ్ళకు గుద్దుకున్నాయి. చెయ్యి తెరుచుకోలేదు. కుర్చీతో సహా వెనక్కి పడ్డాను, ఆ పడడంలో వైరు పెట్టెలోంచి ఊడింది. అందుకే ఇది రాస్తున్నాను.

నా భార్య వంటింటి గుమ్మంలోంచి వచ్చి ప్లగ్గు పీకింది. పిల్ల గోడకు అంటుకుపోయి నిలబడింది. దాని చెయ్యి ఇంకా చాపే ఉంది. బావ నా పక్కన కూర్చుని నా అరచెయ్యి రుద్దుతున్నాడు. ఆయన మొహం తెల్లబోయింది. నేను అనుకున్నది ఆయన ప్రభువును తలుచుకుంటాడని, లేదా చెప్పేను కదా అంటాడని. ఆయన గది నాలుగు మూలలూ చూశాడు.

"ఇది గుడి కాదు కదా బావా," అన్నాడు మెల్లగా.

కాస్త తేరుకున్నాక సొరుగులోంచి టెస్టరు తెమ్మన్నాను. చెప్పులు వేసుకుని వచ్చాను, ఇంట్లోకి. నా భార్య ఆ రోజు ఏమీ అనలేదు. వైరు మళ్ళీ తగిలించి ప్లగ్గు పెట్టి, టెస్టరు మొనను తీగకు ఆనించాను. టెస్టరులో బుడ్డి ఎర్రగా వెలిగింది. ప్లగ్గు తీశాను. దానికి రెండే కాళ్ళు, ఎటు తిప్పినా దూరుతుంది. తిప్పి పెట్టి మళ్ళీ ఆనించాను. వెలగలేదు. మళ్ళీ తిప్పాను. వెలిగింది. పాత పెట్టె లోపల ఏదో పాడై, ప్లగ్గు ఒక వైపు పెడితే కరెంటు తీగల దాకా వచ్చేస్తోంది, రెండో వైపు పెడితే రావడం లేదు. వచ్చినప్పుడు కూడా కాళ్ళకు బూట్లున్నవాడికి తెలియదు, మైకు ఇనుముకు పెదవి తగిలితే తప్ప.

బావ నా చేతిలోంచి ప్లగ్గు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూస్తూ ఉన్నాడు.

"సురుక్కుమంటే పీకీసీవోణ్ణి," అన్నాడు. "అందరం మోకాళ్ళ మీద ప్రార్థన సేసీవోళ్ళం. లేచి మళ్ళీ పెట్టీవోణ్ణి." మళ్ళీ తిప్పాడు. "ఎటేపు పెట్టేనో ఎవుడు సూసేడు."

నేను ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మాట అది. ఆయనే అన్నాడు, నేను అనిపించలేదు. అప్పుడు నా దగ్గర ఉపన్యాసం సిద్ధంగా ఉండాలి. ప్రార్థన సగంసార్లు ఎందుకు ఫలిస్తుంది అనే పేరుతో ఒక గంట మాట్లాడొచ్చు. కానీ పిల్ల అడుగులు ఇంకా పూర్తిగా ఆరలేదు. చివరి అడుగు నా కుర్చీకి జానెడు దూరంలో ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఆయనా దాన్నే చూస్తున్నాడు.

"కాళ్ళు కడుక్కోమన్నది నేనే," అన్నాడు. "మంచికి సెప్పేననుకున్నాను బావా."

"నాకు చీమలు పాకినట్టయింది," అన్నాను. "నరాల భయమని ఊరుకున్నాను."

"అంటే నువ్వూ ప్రార్థనే సేసేవన్నమాట. నీ పద్ధతిలో."

పిల్ల నవ్వింది, మొదట సన్నగా, తర్వాత ఆపుకోలేక. ఏడుపు కలిసిన నవ్వు. నా భార్య వచ్చి దాని పాదాలు తన చీర కొంగుతో తుడిచింది. రెండు పాదాలూ వేళ్ళ సందుల్లో కూడా తుడిచింది, చిన్నప్పుడు స్నానం చేయించాక తుడిచినట్టు.

తర్వాత ఆ పెట్టెను రేడియో మెకానిక్‌కి ఇచ్చి పాడైన భాగం తీయించాం. మూడు కాళ్ళ ప్లగ్గు పెట్టించి, ఇంటికి సరైన ఎర్త్ వేయించాం. టెస్టరు ఇంక సొరుగులోకి వెళ్ళలేదు, గిటారు పక్కనే మేకుకు వేలాడింది. పిల్లకు రబ్బరు హవాయి చెప్పులు కొన్నాను. ఇంట్లో చెప్పులతో తిరగడం నా భార్యకు ప్రాణం పోయినంత పని, అయినా గిటారు ఎత్తినప్పుడు మాత్రం ఒప్పుకుంది. బావ తన సాక్ష్యం మానలేదు. మానమని నేను అడగలేదు. కానీ చర్చిలో వాయిద్యాలు పెట్టే చోట ఒక మందపాటి రబ్బరు పట్టా పరిచాడు. చెప్పులతో లోపలికి రానివ్వాలని పాస్టరుగారితో వాదించి ఓడిపోయి, పట్టాతో రాజీ పడ్డాడట. ఆ పట్టా పరిచిన రోజు దాని మీద మోకరించి ప్రార్థన కూడా చేశాడని విన్నాను.

కారణం తెలిశాక భయం పోతుందని నేను ఎన్ని సభల్లో చెప్పానో. నాది పోలేదు. ఇంతకుముందు ఎటు చూడాలో తెలియక భయపడ్డాను. ఇప్పుడు ఎటు చూడాలో తెలిసి భయపడుతున్నాను. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఆ రెండు కాళ్ళ ప్లగ్గులు కనపడడం మొదలైంది. తడి చేత్తో ఫ్యాను స్విచ్చు వేసేవాళ్ళు, ఉత్త కాళ్ళతో ఇస్త్రీ చేసేవాళ్ళు. నిమ్మకాయలకు వణికే జనం వీటికి ఎందుకు వణకరు? తర్వాత నా ఉపన్యాసాల్లో బాబాలు తగ్గి ప్లగ్గులు ఎక్కువయ్యాయి. చప్పట్లు కూడా తగ్గాయి.

వార్షికోత్సవం సాయంత్రం కాలేజీ ఆవరణలో. మా ఇంట్లో ఎర్త్ ఉంది, ఆ స్టేజీ మీద ఏముందో నాకు తెలియదు. అద్దెకు తెచ్చిన మైకు సెట్టు, స్తంభం నుంచి లాగిన వైర్లు. ముందు వెళ్ళి టెస్టరుతో అన్నీ చూస్తానంటే, మైకు సెట్టువాడు నన్ను ఎగాదిగా చూసి, "మాస్టారూ, మీరు సరిత్ర కదా," అన్నాడు. అయినా చూశాను. వెలగలేదు. ఒకసారి చూసి నమ్మేవాణ్ణి కాదిప్పుడు, మళ్ళీ చూశాను. వచ్చి కూర్చున్నాక కూడా టెస్టరు చేతిలోనే పట్టుకున్నాను.

స్టేజీ మీద ఒక మూల సరస్వతి పటం, దాని ముందు వెలిగించిన దీపం. మెట్ల దగ్గర చెప్పుల గుట్ట. ఎక్కే ప్రతివాళ్ళూ అక్కడ విడిచి, మెట్టును తాకి, కళ్ళకద్దుకుని ఎక్కుతున్నారు. మా పిల్ల బృందం వంతు వచ్చింది. మిగతా ముగ్గురూ చెప్పులు విడిచారు. అది గుట్ట దగ్గర ఆగింది. అప్పటి వరకూ నాకు ఈ సంగతి తట్టనే లేదు. అంతమంది చూస్తున్నారు. పద్దెనిమిదేళ్ళ పిల్ల. నేను లేవబోయాను. బావ నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కాడు.

అది వంగి మెట్టును తాకి కళ్ళకద్దుకుంది. తర్వాత చెప్పులతోనే ఎక్కింది.

మా వెనక వరసలో గుసగుస మొదలైంది. "సరస్వతీదేవి ముందు సెప్పులేటి? ఎవరి పిల్ల అది?" అన్నాడొక పెద్దాయన.

బావ వెనక్కి తిరిగాడు. "రబ్బరు సెప్పులండి," అన్నాడు చాలా మర్యాదగా. "సదువుకున్నోళ్ళు ఏసుకుంటారు."

పాట మొదలైంది. పిల్ల మైకు దగ్గరకు వంగింది. పక్కకు చూశాను. బావ పెదవులు కదులుతున్నాయి, కళ్ళు మాత్రం మూసుకోలేదు. ఆయన కూడా నేను చూస్తున్న చోటే చూస్తున్నాడు. జనం చప్పట్లు కొట్టారు, బాగా వాయించిందని తర్వాత అందరూ అన్నారు. ఏ పాట వాయించిందో నేను ఇప్పటికీ చెప్పలేను. నీలం పట్టీల చెప్పులు, ఎడమ కాలి చెప్పు మడమ దగ్గర కొంచెం అరిగి ఉంది. మర్నాడు కొత్తవి కొన్నాను.